తాత కట్టిన ఇంటికి రెండు రూపాయల వడ్డీ

కొండపి దగ్గరి పల్లెకు చెందిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది, క్లుప్తంగా. వయసు 43. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు, చేతికొచ్చే జీతం 46,000. ఒంగోలులో అద్దె ఇల్లు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నెల ఖర్చు 31,000. ఊళ్లో తాత పొగాకు డబ్బుతో కట్టిన మండువా ఇల్లుంది. పెదనాన్న కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. తమ సగానికి 14 లక్షలిస్తే ఈయనకే రాసిస్తారట, లేదంటే బయటివాళ్లకు అమ్మేస్తారట. గ్రామకంఠంలో (ఊరి నివాసాలకు వదిలిన స్థలంలో) ఇల్లు, పాత కాగితాలు లేవు, బ్యాంకు ఇంటి రుణం ఇవ్వనంది. అందుకని 8 లక్షలు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద, 6 లక్షలు భార్య నగలు, నాయనమ్మ కాసులపేరు కుదువ పెట్టి తెద్దామనుకుంటున్నారు. అప్పిచ్చే ఆయన నోటు మీద భార్య సంతకం కూడా కావాలంటున్నాడు. బ్యాంకులో 70,000 ఉంది. బీమా అంటే 3 లక్షల ఎండోమెంట్ (పొదుపు కలిసిన) పాలసీ ఒకటి. ‘తాత గుర్తు చెయ్యి జారకుండా పిల్లలకు అందాలి, దారి చెప్పండి’ అని అడిగారు.

ముందు ఆ నోటు రాయడం ఆపండి. మిగతా సంగతులు తీరిగ్గా మాట్లాడుకుందాం.

మన వైపు ‘రెండు రూపాయలేగా’ అనడం అలవాటైపోయింది. ఏడాదికి 24 శాతం అని చెబితే అదే మనిషి ఉలిక్కిపడతాడు. 8 లక్షలకు నెలకు 16,000 వడ్డీ. బంగారం మీద ఏడాదికి 10 శాతమే అనుకున్నా 6 లక్షలకు మరో 5,000. ఇంటి ఖర్చు కలిపితే 52,000. మీ జీతం 46,000. అసలులో ఒక్క రూపాయి తీరకముందే నెలకు 6,000 లోటు. ఆ లోటుకు ఇంకో చేబదులు. వడ్డీ కట్టలేక మూడేళ్లు గడిస్తే నోటు కాలం చెల్లకుండా తిరగరాయిస్తారు కదా, ఆ రోజు 8 లక్షల నోటు 13,76,000 అవుతుంది. అకౌంట్స్ చూసే మీరు ఈ లెక్క వేసుకోలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. తాత ఇల్లనగానే క్యాలిక్యులేటర్ పక్కన పెట్టేశారు.

మీరు ఒక్కరే అయితే ఈ శీర్షికలో రాసేవాణ్ని కాదు. కందుకూరు, టంగుటూరు, పొదిలి వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. పెద్దల ఆస్తిని నిలబెట్టాలని అప్పు చేసి, చివరికి ఆ అప్పునే పిల్లలకు అప్పగిస్తారు. మీ ఉత్తరంలో చివర ఒక మాట పక్కమాటలా వచ్చింది: ‘నాయన పోయేసరికి బేరన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) కోసం చేసిన 3 లక్షల అప్పు ఉంది, ఆరేళ్లు కట్టి తీర్చాను’ అని. నేను అక్కడే ఆగిపోయాను. మీకు వారసత్వంగా వచ్చినవాటిలో ఇల్లు ఎంత నిజమో ఆ ఆరేళ్లూ అంతే నిజం. మీ పెద్దబ్బాయికి ఇప్పుడు 15 ఏళ్లు. వాడి పాతికేళ్ల వయసును కూడా అలాగే రాసిచ్చేస్తారా?

ఇక నా పాత పాట. మీరు లేని రోజున ఈ ఇంటికి ఏం మిగులుతుంది? చేతికి 3 లక్షల పాలసీ, నెత్తిన 14 లక్షల అప్పు. బీమా మాటెత్తితే ‘అశుభం పలకొద్దు సార్’ అంటారు జనం, ప్రోనోటు రాసేటప్పుడు మాత్రం ముహూర్తం చూస్తారు. చేతికొచ్చే జీతానికి పదిహేనేళ్ల లెక్క వేస్తే దాదాపు 83 లక్షలు. కనీసం 80 లక్షలకు, మీకు 60 ఏళ్లు వచ్చేవరకు టర్మ్ పాలసీ, అంటే ఆ గడువులో మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా, తీసుకోండి. దరఖాస్తులో ఏదీ దాచొద్దు. సిగరెట్ ఉంటే ఉందని రాయండి, షుగర్ ఉంటే ఉందని రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు, ఆ సాకూ పోయింది.

పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద, భార్యాపిల్లలు లబ్ధిదారులుగా తీసుకోండి. ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. తర్వాత మార్పించుకుంటానంటే కుదరదు. అలా తీసుకున్న పాలసీ డబ్బు మీ ఆస్తిలో కలవదు, అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. ఒకటే షరతు. అప్పులవాళ్లకు ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నారని రుజువైతే ఆ పాలసీ డబ్బులోంచి వాళ్లు తమ బాకీ రాబట్టుకోవచ్చు. అందుకే మెడకు అప్పు చుట్టుకోకముందే ఈ పని చేయమంటున్నాను.

భార్య సంతకం సంగతి చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. మనిషి పోతే అతని అప్పుకు వారసుల బాధ్యత, అతని నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. కొడుకుగా పుట్టినందుకే తండ్రి అప్పు తీర్చాలనే పాత ధర్మసూత్రాన్ని హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ ఆ తర్వాతి అప్పులకు తీసేసింది. ఇంత రక్షణ చట్టమే ఇస్తుంటే, ఆమె చేత నోటు మీద సంతకం పెట్టిస్తే ఆమె సొంతంగా అప్పు తీసుకున్నట్టే. అప్పిచ్చే ఆయనకు ఈ తేడా తెలుసు, అందుకే అడుగుతున్నాడు. కాసులపేరు కూడా మీది కాదు. అది ఇప్పుడు మీ అమ్మగారిదైతే ఆమె స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి. కొడుకు అడిగితే తల్లి కాదనలేదు, కాబట్టి అడగకపోవడమే మర్యాద.

బ్యాంకులో ఉన్న 70,000 ముట్టొద్దు. దాన్ని ఆరు నెలల ఖర్చుకు, అంటే 1,86,000కు చేర్చాలి. ఎగుమతి ఆర్డర్లు తగ్గితే చీమకుర్తిలో పని ఎలా మందగిస్తుందో నేను మీకు చెప్పాలా? అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు, లేకపోతే అదీ చూడండి.

ఇంటి విషయానికొస్తే, కనిగిరిలో మేనత్త ఉన్నారని రాశారు, వాటాల లెక్కలో మాత్రం ఆమె ఊసే లేదు. తాత వీలునామా రాయకుండా పోయి ఉంటే, అది ఆయన స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే కూతురికి కొడుకులతో సమాన వాటా. పిత్రార్జితమైనా 2005 సెప్టెంబరు 9 నాటి సవరణ, దాని మీద సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో ఇచ్చిన తీర్పు ఆమె వైపే ఉన్నాయి. ‘పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చేశాం’ అనే మాట, వాటా వదులుకున్నట్టు రాసిచ్చే విడుదల దస్తావేజు కాదు. తాతకు మీ నాన్న, పెదనాన్న, మేనత్త ముగ్గురు పిల్లలంటే మూడు వాటాలు. మీ అన్నలు సగమని అమ్ముతున్నది నిజానికి మూడో వంతు. వాళ్లు చెప్పిన ధర ప్రకారమే ఇల్లు 28 లక్షలైతే మూడో వంతు 9,33,000 చిల్లర. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, వాళ్లది కాని వాటాకు కూడా 4,67,000 కట్టబోయారు. రేపు మేనత్త పిల్లలు అడిగితే మళ్లీ ఇవ్వాల్సింది మీరే.

బయటివాళ్లకు అమ్మేస్తామన్న బెదిరింపుకూ అంత కంగారు అక్కర్లేదు. ఉమ్మడి నివాస గృహంలో వాటా కొన్న బయటి వ్యక్తి పంపకానికి దావా వేస్తే, కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను కొనుక్కునే అవకాశం కుటుంబసభ్యుడికి 1893 పంపకాల చట్టం ఇస్తుంది. ఇది తెలిసినవాడెవడూ అలాంటి వాటాకు పూర్తి ధర పెట్టి కొనడు. ఈ ముక్క మీ అన్నలకు మర్యాదగానే చెప్పండి. కావాలంటే మూడు నాలుగేళ్ల వాయిదాల్లో వడ్డీ లేకుండా ఇస్తానని అడగండి, ఒప్పుకుంటే మేనత్తతో సహా అందరూ సంతకం చేసిన దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. ఇల్లు అద్దెకిచ్చి వాటాల ప్రకారం పంచుకోవడం ఇంకో దారి. అందరూ కలిసి అమ్ముకోవడం మూడోది, దానికీ నాకు అభ్యంతరం లేదు.

పెంకులు జారి వానకు దూలాలు నానుతున్నాయని రాశారు కదా. మనకు వాయుగుండాల కాలం అక్టోబరు, నవంబరు. అంతకుముందే పెంకులు సర్దించండి. ఖర్చు అన్నలను, మేనత్తను కూడా తలా కొంత వేయమనండి. వాళ్లు వేయకపోతే మీరే పెట్టుకుని రసీదులు మీ దగ్గర ఉంచండి, ధర మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.