సెల్ఫ్ ఒక్కోసారి ‘టక్’ అని ఊరుకుంటే మోటారు మార్చేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ: తొమ్మిదేళ్ల డీజిల్ కారు, రాజోలు చుట్టుపక్కలే వాడకం. తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’ అని ఒకే ఒక్క చప్పుడు, అంతే. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. ఇంకో నాలుగైదుసార్లు తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. బ్యాటరీ కొత్తది వేయించినా తగ్గలేదు. ఇప్పుడు మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చేద్దామంటున్నాడు, మార్చమంటారా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దండి. ముందు ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కీ బాడీకీ వెళ్లే లావు వైరు, సంగతి తేల్చుకోండి.

మా మావయ్యగారి కారుకి అచ్చం ఇదే జబ్బు ఉండేది. ఆయనకి అంతర్వేది వైపు రొయ్యల చెరువులున్నాయి. కారు పగలంతా గట్టు మీదే ఉంటుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చిమ్మే ఉప్పు తుంపర గాలివాటున దాని మీదికే వస్తుంది. ఆ కారుకి బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటారు విప్పి లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు వేశారు, తాళం స్విచ్చి కూడా మార్చారు. విచిత్రమేమిటంటే ఏది మార్చినా కొన్నాళ్లు బాగానే నడిచేది. ఏ సామాను విప్పాలన్నా ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, పని అయ్యాక మళ్లీ బిగిస్తారు కదా. ఆ కదలికకే ఎక్కడో కాస్త కాంటాక్ట్ దొరికేది, మంచిపేరు మాత్రం కొత్త సామానుకి వెళ్లేది. షెడ్డుకి తీసుకెళ్తే బుద్ధిగా ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది, అక్కడి కుర్రాళ్లు మమ్మల్నే ఎగాదిగా చూసేవారు.

చివరికి సఖినేటిపల్లి రేవులో దొరికింది దొంగ. నరసాపురం నుంచి బండ్లని గోదావరి దాటించే పంటు వచ్చి ఒడ్డుకి ఆనాక కారు మొరాయించింది. వెనకాల ఆటోలు, మోటారుసైకిళ్లు ఒకటే హారన్లు. నలుగురూ చెయ్యేసి తోసి ఒడ్డెక్కించారు. అక్కడ ఒక ఆటో అతని దగ్గర జంపర్ కేబుల్, అదే రెండు చివరలా క్లిప్పులుండే లావు వైరు, ఉంటే అడిగి తీసుకున్నాను. ఇంకో బండి బ్యాటరీ జోలికి పోలేదు. ఒకే కేబులు, ఒక క్లిప్పు మన బ్యాటరీ మైనస్‌కి, రెండో క్లిప్పు ఇంజిన్ మీద రంగులేని గట్టి ఇనుప కొక్కేనికి. మావయ్యగారు తాళం తిప్పారు, గిర్రున తిరిగి అందుకుంది. కేబుల్ తీసేసి ఇంజిన్ ఆపి మళ్లీ చూస్తే ‘టక్’. పెడితే తిరుగుతుంది. ఇంక అనుమానం ఏముంది, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే దారే తెగుతోంది.

ఇంటికొచ్చి బ్యాటరీ కింద ట్రే విప్పాం. ఎర్త్ వైరు పైకి నిక్షేపంలా ఉంది, బోల్టు బిగువుగానే ఉంది. లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు బిళ్ల) పక్కన నల్ల తొడుగుని వేళ్లతో నొక్కితే మాత్రం లోపల కరకరలాడింది. చాకుతో చీరితే రాగి తీగలన్నీ పచ్చటి చిలుము పట్టి, రుద్దితే పొడిలా రాలిపోయాయి. మెరుస్తున్న తీగలు ఏవో కొన్నే మిగిలాయి. మన సముద్రపు పక్క ఊళ్లలో తేమకి ఉప్పుగాలి తోడవుతుంది. అది వైరు చివర తొడుగు కిందకి దూరి లోపల్లోపల తినేస్తుంది, పైనుంచి చూసినవాడికి ఏమీ కనబడదు.

మరి లైట్లు ఎందుకు వెలుగుతున్నాయని మీరు అడగవచ్చు. రెండు హెడ్‌లైట్లు కలిపి లాగేది 9, 10 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు తిరగడానికి ఈ సైజు డీజిల్ ఇంజిన్‌కి 200 ఆంపియర్లకు పైనే కావాలి. ఓమ్‌లో వందో వంతు అడ్డు ఉన్నా 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, లైట్ల దగ్గర ఆ అడ్డు లెక్కలోకే రాదు. కాలువ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడ్డప్పుడు సన్నధార పోతూనే ఉంటుంది, చేను తడవాల్సిన నీరు మాత్రం రాదు, ఇదీ అంతే. అందుకే మీటరు ‘బీప్’ మనిపించి వైరు బాగుందనే పరీక్షని నమ్మొద్దు. నాలుగు తీగలు మిగిలినా అది బీప్‌మంటుంది. లోడు మీద, అంటే సెల్ఫ్ తిప్పుతున్నప్పుడే చూడాలి.

చూడ్డానికి మామూలు మల్టీమీటర్ చాలు, 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల తీగ బ్యాటరీ మైనస్ పోస్టు (పైకి పొడుచుకొచ్చిన సీసపు దిమ్మ) నడినెత్తిన ఆనించండి, దాన్ని పట్టుకునే క్లాంపు మీద కాదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్య చిలుమున్నా అప్పుడే బయటపడుతుంది. ఎర్ర తీగ ఇంజిన్ బ్లాకు మీద. ఇంకొకరిని తాళం మూడు నాలుగు సెకన్లు తిప్పమనండి. 0.2, 0.3 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే దొంగ అక్కడున్నాడు. ప్లస్ వైపు కూడా ఇలాగే: ఎర్ర తీగ ప్లస్ పోస్టు మీద, నల్ల తీగ సెల్ఫ్ మోటారు మీద లావు వైరు బిగించే బోల్టు మీద, లెక్క అదే. ఆ బోల్టుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా తగిలి బాడీకి ఆనితే నిప్పులు లేస్తాయి, జాగ్రత్త. అలాగే తిప్పుతున్నప్పుడు బ్యాటరీ రెండు పోస్టుల మధ్య వోల్టేజీ 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇవన్నీ మొరాయించినప్పుడు తీస్తేనే ఉపయోగం. బాగా స్టార్టవుతున్నప్పుడు తీసిన రీడింగు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. మీటరు కార్లోనే పడేసుకోండి.

చప్పుడు కూడా వినండి. ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందనో టెర్మినల్ వదులనో అర్థం. అసలు చప్పుడే లేకపోతే తాళం తిప్పగానే సెల్ఫ్‌కి కరెంటు వదిలే రిలే, తాళం స్విచ్చి, క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడే బండయితే ఆ పెడల్ దగ్గరి చిన్న స్విచ్చి చూడాలి. మోటారు చక్కగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే అది వేరే కథ. డీజిల్ లైన్లో గాలి దూరడం, ఫిల్టరు, ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సారు వేడెక్కినప్పుడు పనిచేయకపోవడం, ఇలా వెతకాలి. తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంటే దొంగతాళానికి బండి స్టార్టవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదని, రెండో తాళం పెట్టి చూడండి. మీది ఒక్క ‘టక్’ కాబట్టి ఈ గొడవలు మీకు అక్కర్లేదు. కోతలయ్యాక ఎలుకలు ఇళ్లకీ కార్లకీ చేరతాయి కాబట్టి వైర్లు కొరికాయేమో ఒకసారి టార్చి వేసి చూసుకోవడం మాత్రం మంచిది.

ఎర్త్ అని తేలితే పని చిన్నదే. ముందు మైనస్ విప్పండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. పోస్టుల మీద తెల్లగా పేరుకున్నది వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది. లగ్గుల్ని, బాడీ మీద బోల్టు కూర్చునే చోటుని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దండి, అక్కడ రంగు ఉంటే గీకేయండి. వైరు లోపల చిలుము పడితే రుద్ది లాభం లేదు. పాతదానికి మందంలో తగ్గకుండా కొత్తది, లగ్గు గట్టిగా నొక్కించి, పైన వేడికి ముడుచుకునే ట్యూబు వేయించి తెచ్చుకోండి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు మన గాలికి ఎక్కువకాలం ఆగదు. అంతా బిగించాకే పైన వాజ్‌లైన్ గానీ గ్రీజు గానీ రాయండి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఇంకో అల్లిక పట్టీ ఉంటుంది, దాన్నీ ఈ చేత్తోనే చూసేయండి.

ఒక్క మాట, డైనమో పనిచేస్తోందా అని చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు పాత మెకానిక్‌లలో కొందరికి ఇంకా ఉంది. చెయ్యనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఎగిరి కంప్యూటర్ బాక్సు పోతే దాని ఖరీదు ముందు సెల్ఫ్ మోటారు ఏమూలకీ రాదు.

ఇక రెండు వైపులా రీడింగు బాగుండి, బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడకుండా, సోలినాయిడ్‌కి (మోటారు మీదే ఉండి దానికి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) వచ్చే సన్నవైరులో తాళం తిప్పినప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజీ అంతా వస్తూ, అయినా ‘టక్’ అని ఆగిపోతే అప్పుడు మీ మెకానిక్ మాటే రైటు, లోపం మోటారు లోపలే. అప్పుడు కూడా కొత్తది కొనేముందు విప్పి చూపించమనండి. మీ కారు వయసుకి సోలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలిపోవడం, బ్రష్‌లు అరిగిపోవడం మామూలు. లోపల తిరిగే భాగం, అదే ఆర్మేచర్, బాగుంటే ఆ బిళ్లలు, బ్రష్‌లు, బుష్‌లు వేయిస్తే సరిపోతుంది. అమలాపురం, పాలకొల్లు లాంటి చోట్ల ఆటో ఎలక్ట్రీషియన్లు రోజూ చేసే పనే అది. విప్పినప్పుడు మీరు పక్కనే ఉండి పాత బ్రష్‌లు చేతిలోకి తీసుకోండి, అరిగాయో లేదో మీకే తెలుస్తుంది.