నడక కార్తికంలో, పాలసీ ఆగస్టులోనే

ప్రశ్న: మాది గాజువాక. నాకు 58, నా భార్యకు 54 ఏళ్లు. ఆమెకు ఆరేళ్లుగా షుగర్. ఆగస్టు నెలాఖరుకు ప్రైవేటు కంపెనీలో రిటైర్ అవుతున్నాను. కార్తికంలో ఇద్దరం కాలినడకన నర్మదా పరిక్రమ మొదలుపెట్టి ఐదారు నెలల్లో పూర్తి చేయాలని కోరిక. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాం, నడక అలవాటే. రిటైర్మెంట్ డబ్బు 28 లక్షలూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేసి, దారి ఖర్చులకూ తిరిగొచ్చాక అన్నదానానికీ ఆమె నగల మీద 3 లక్షల గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం. కంపెనీ హెల్త్ పాలసీ రిటైర్మెంట్‌తో ఆగిపోతుంది. కొత్తది వచ్చాక తీసుకుంటే ఆర్నెల్ల ప్రీమియం మిగులుతుంది కదా?

జవాబు: మిగలదు. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట కోసమే. రిటైరైన ఏడాది చార్‌ధామ్‌కో, అమెరికాలో పిల్లల దగ్గరికో వెళ్లేవాళ్లు చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు.

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచి మన ఊళ్లోనే ఉంటాం. కాలు బెణికితే ఆటో ఎక్కి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి వెళ్లిపోవచ్చు. నర్మద పొడవే 1,312 కిలోమీటర్లు. నదిని దాటకుండా, కుడిచేతి వైపే ఉంచుకుని రెండు గట్లూ నడవాలంటే 2,600 పైమాటే. మధ్యలో శూలపాణి అడవులున్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి బొబ్బ లేచినా ఒక్కోసారి నొప్పి తెలియదు. అది పుండై ఇన్ఫెక్షన్ ఎక్కితే జబల్‌పూర్‌లోనో వడోదరలోనో ఆస్పత్రిలో చేరాలి. ఆ రోజు పాలసీ లేకపోతే 28 లక్షల్లో ఎంత పోతుందో ఆలోచించండి.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. ఆర్నెల్లు ఖాళీ వదిలి కొత్త పాలసీ తీసుకుంటే మీ ఆవిడ షుగర్‌కు వెయిటింగ్ పీరియడ్, అంటే పాత జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, మొదటి నుంచి లెక్కపెడతారు. అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. అదే ఇప్పుడు, కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ నడుస్తుండగానే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారేందుకు దరఖాస్తు చేస్తే ఇన్నాళ్లు గడిచిన కాలం కలిసొస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లను ఈ వారమే అడగండి. ఆఖరి పనిదినం దాకా ఆగొద్దు. షుగర్ సంగతి ఉన్నదున్నట్టు రాయండి, దాస్తే క్లెయిమ్ పోతుంది. ఇద్దరికీ కలిపి 10 లక్షలకు తగ్గొద్దు. యాక్సిడెంట్ పాలసీ కూడా తీసుకోండి, ఖర్చు తక్కువే.

ఇక ఆ గోల్డ్ లోన్. చేతికి 28 లక్షలు వస్తుంటే నగలు తాకట్టు పెట్టడం ఏమిటండీ? నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా మూడు నెలలకు 9,000 కట్టాలి. స్కీమ్‌లో ఇప్పుడున్న 8.2 శాతం చొప్పున 4 లక్షలకు వచ్చేది 8,200. అంటే 4 లక్షల మీద వచ్చేది 3 లక్షల అప్పు వడ్డీకే చాలదు. పైగా గడువు దాటితే నోటీసు గాజువాక ఇంటికి వస్తుంది, తాళం వేసిన తలుపు దగ్గర పడి ఉంటుంది. మీరు ఓంకారేశ్వర్ చేరేసరికి నగలు వేలానికి వెళ్లొచ్చు. అప్పు తెచ్చి అన్నదానం చేయమని ఏ సంప్రదాయమూ అడగదు. దారిలో ఆశ్రమాలు, అన్నక్షేత్రాలు ఉంటాయి. ఇద్దరికీ రోజుకు 500 వేసుకున్నా ఆర్నెల్లకు 90 వేలు.

కాబట్టి స్కీమ్‌లో 24 లక్షలే వేయండి. మూడు నెలలకోసారి 49,200 వస్తుంది. మీ వయసుకు, డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపే ఖాతా తెరవాలి, బయల్దేరే ముందే ఆ పని ముగించండి. మొత్తం అందులో పెట్టకపోవడానికి కారణం, ఏడాదిలోపు తీస్తే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీని కూడా అసల్లోంచి కోసేస్తారు. మిగతా 4 లక్షలు బ్యాంకులో, ఏ ఊళ్లోనైనా వెంటనే తీసుకునేలా ఉంచండి. చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో క్యాష్‌లెస్ కుదరకపోవచ్చు, ముందు మీరే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. ఫండ్స్, షేర్ల సంగతి తిరిగొచ్చాక చూద్దాం.

పాలసీ కార్డు, ఆధార్, ఆమె వాడే మందుల చీటీ ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, ఇక్కడ మీ పిల్లల్లోనో బంధువుల్లోనో ఒకరి దగ్గర కూడా. ఆస్పత్రిలో చేరితే చాలా పాలసీల్లో 24 గంటల్లోపు కబురు చెప్పాలి. అడవిలో మీకు సిగ్నల్ లేకపోతే ఆ ఫోన్ చేయాల్సింది వాళ్లే.