ఇంట్లో చేసిన గిటార్ పెడల్ సన్నగా పలికి, హమ్ చేస్తుంటే వేరే సర్క్యూట్‌కి మారాలా?

మీరు అడిగింది ఇది: వీడియో చూసి ఒక ట్రాన్సిస్టర్‌తో డిస్టార్షన్ పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డబ్బా చేశారు. శబ్దం పీలగా వస్తోంది, వెనక గుయ్‌మని హమ్. దీన్ని పక్కన పెట్టి వేరే సర్క్యూట్ చేయాలా, చేస్తే ఏది మంచిది?

వేరేది వద్దండీ. ఉన్నదాన్నే బాగు చేయండి. నేను కావలిలో యాంప్లిఫయర్లు, మైక్ సెట్లు రిపేరు చేస్తాను, ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. ఇటు ఒంగోలు, అటు నెల్లూరు నుంచి కుర్రాళ్లు పెడళ్లు పట్టుకొస్తుంటారు. వాటిలో సర్క్యూట్ తప్పు దాదాపు ఉండదు. తేడా అంతా ట్రాన్సిస్టర్ కాళ్లలోనో, గ్రౌండ్ వైరులోనో, అడాప్టర్‌లోనో ఉంటుంది. సర్క్యూట్ మార్చినా ఆ అడాప్టర్, ఆ వైర్లే కదా మళ్లీ వాడేది.

ఒకసారి క్రిస్మస్ ముందు సింగరాయకొండ వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. క్వయర్‌లో గిటారిస్టు. గోడలో స్విచ్‌బోర్డు కింద పెట్టే జీఐ బాక్సులో పెడల్ బిగించాడు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. ప్లాస్టిక్ డబ్బా కంటే అది వెయ్యి రెట్లు మేలు, ఎందుకంటే ఇనుప డబ్బాని గ్రౌండ్‌కి కలిపితే బయటి రొద లోపలికి రాదు. లోపల 1960ల చివర్లో ఎలక్ట్రో హార్మోనిక్స్ అనే పెడల్ కంపెనీ వాళ్లు తెచ్చిన ఎల్‌పీబీ-1 లాంటి ఒక ట్రాన్సిస్టర్ బూస్టర్ (శబ్దం పెంచే సర్క్యూట్), దాని వెనక ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. మీది కూడా ఇంచుమించు ఇదే అయుంటుంది.

"అన్నా, కండెన్సర్లన్నీ మార్చినా, డయోడ్లు మార్చినా, అట్టనే ఉండాది. ఇంక బిగ్ మఫ్ చేద్దామనుకుంటుండా" అన్నాడు. కండెన్సరన్నా కెపాసిటరన్నా ఒకటే. బిగ్ మఫ్ అంటే అదే కంపెనీ వాళ్ల ఇంకో పెడల్, అందులో నాలుగు ట్రాన్సిస్టర్లు. ఒక్కదానిలో తప్పు దొరకనప్పుడు నాలుగింటిలో ఎట్లా వెతుకుతాడు?

ముందు ఆడియో ప్రోబ్ తీశాను, సర్క్యూట్‌లో ఎక్కడ ఏం పలుకుతోందో వినే వైరు అన్నమాట. పెడల్ చేసే ప్రతివాళ్లూ పెడల్ కంటే ముందు చేసుకోవాల్సింది ఇదే. పాత గిటార్ కేబుల్ ఒక చివర కోసి, చుట్టూ ఉండే షీల్డు వైరుకి క్రోకడైల్ క్లిప్ పెట్టండి. మధ్య వైరుకి 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించండి. రెండో చివర యాంప్‌లోకి. క్లిప్‌ని పెడల్ గ్రౌండ్‌కి తగిలించి, కెపాసిటర్ కాలుని సర్క్యూట్‌లో ఒక్కో చోట తాకిస్తే అక్కడ ఏం పలుకుతోందో వినిపిస్తుంది. యాంప్ వాల్యూమ్ మాత్రం తగ్గించి పెట్టుకోవాలి. కరెంటు మీద నడిచే యాంప్ లోపల ఇది ఎప్పుడూ పెట్టకూడదు, 9 వోల్టుల పెడళ్లకే. గిటార్ మీటడానికి మనిషి లేకపోతే ఫోన్‌లో పాట పెట్టి ఇన్‌పుట్‌లోకి ఇవ్వండి.

ఇన్‌పుట్ జాక్ దగ్గర పాట శుభ్రంగా ఉంది. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు; ఇక్కడ సిగ్నల్ బేస్‌లోకి వెళ్లి కలెక్టర్ నుంచి పెద్దదై వస్తుంది. బేస్ దగ్గరా ఉంది. కలెక్టర్ దగ్గర గట్టిగా రావాల్సింది గీరుకున్నట్టు, నీరసంగా వచ్చింది. మల్టీమీటర్ పెడితే కలెక్టర్ మీద బ్యాటరీ వోల్టేజీ దాదాపు మొత్తం కనిపించింది. అక్కడ ఉండాల్సింది అందులో సగం, 4, 5 వోల్టుల మధ్య. అంటే ట్రాన్సిస్టర్ గుండా కరెంటు పారడం లేదు.

తమ్ముడు చూసి చేసిన సర్క్యూట్ బొమ్మలో ఉన్న ట్రాన్సిస్టర్ 2ఎన్5088. షాపులో అది లేదని బీసీ547 ఇచ్చారు. అది వాడొచ్చు, ఈ పనికి సరిపోతుంది. కానీ కాళ్ల వరుస తిరగబడి ఉంటుంది. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే 2ఎన్5088కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. బొమ్మలో ఉన్నట్టే పెడితే కలెక్టర్, ఎమిటర్ తారుమారవుతాయి. అలా పెట్టినా ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, చాలా తక్కువ గెయిన్‌తో (శబ్దాన్ని పెంచే శక్తితో) కొద్దిగా పలుకుతుంది. అసలు శబ్దమే రాకపోతే వెంటనే అనుమానం వస్తుంది. కొద్దిగా వస్తోంది కాబట్టే మనిషి కండెన్సర్ల వెంట పడతాడు.

తీసి తిప్పి పెట్టగానే కలెక్టర్ 4 వోల్టుల మీద నిలబడింది. తమ్ముడు గిటార్ మీటాడు. పక్కన టీ కొట్టు వాళ్లు తొంగి చూశారు.

వీడియోలు పెట్టేవాళ్ల మీద నాకున్న కోపం ఇదే. గంటసేపు పెడల్ మోగించి చూపిస్తారు, కాళ్ల వరుస చెప్పడానికి అర నిమిషం ఉండదు. ఫలానా చోట ఇన్ని వోల్టులు రావాలి అని ఒక్కరైనా రాయరు. వోల్టేజీలు రాయని సర్క్యూట్ బొమ్మని నేను నమ్మను.

ఇక హమ్. ముందు 9 వోల్టుల బ్యాటరీతో వినండి. హమ్ పోయిందా, తప్పు అడాప్టర్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ ఉండే చవక అడాప్టర్లలో 100 హెర్ట్జ్ అల డీసీలో మిగిలిపోతుంది. సప్లై దారిలో 100 ఓమ్స్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే చాలావరకు తగ్గుతుంది. వైఫై రూటర్ అడాప్టర్ అయితే ముందు పోలారిటీ చూసుకోండి. పెడళ్లకి మామూలుగా మధ్య పిన్ను మైనస్, రూటర్లకి ఎక్కువగా ప్లస్.

బ్యాటరీతోనూ ఉందంటే బయటినుంచి వస్తోంది. తమ్ముడి పెడల్ నా షాపులో బాగా పలికి, చర్చిలో మాత్రం జుయ్‌మని రొద పెట్టింది. వెళ్లి చూస్తే ఫ్యాన్లకి తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, లోపల కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసే ట్రయాక్ ఉండే రకం. గిటార్‌లో తీగల కింద ఉండే సింగిల్ కాయిల్ పికప్ (ఒకే తీగ చుట్ట ఉన్న రకం) ఆ రొదని పట్టేస్తుంది, డిస్టార్షన్ దాన్ని పదింతలు చేస్తుంది. ఫ్యాన్లు ఫుల్‌లో పెట్టాక బాగా తగ్గింది. పెద్దలు చలి అన్నారు గానీ పాస్టర్ గారు ఒప్పుకున్నారు. టిక్ టిక్‌మని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్లతో ఈ గొడవ ఉండదు.

ఏ సర్క్యూట్ మంచిది అన్నారు కాబట్టి ఒక మాట. జర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసే ఫజ్ (ఇంకా గరుకైన డిస్టార్షన్) పెడళ్ల జోలికి వెళ్లకండి. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ మొదట జర్మేనియందే, పాత రేడియోల్లోని ఏసీ128 అనే జర్మేనియం ట్రాన్సిస్టర్ కోసం మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్ అంతా గాలిస్తారు. జర్మేనియంలో లీకేజీ కరెంటు సుమారు పది డిగ్రీల వేడికి రెట్టింపు అవుతుంది. జనవరిలో సెట్ చేసిన బయాస్, అంటే ట్రాన్సిస్టర్ కాళ్ల మీది వోల్టేజీలు, నెల్లూరు మే నెలలో నిలవదు. మన ఎండలకి బీసీ547 లాంటి సిలికానే సరి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్తింగ్. హమ్ పోతుందని కొందరు యాంప్ ప్లగ్‌లో మూడో పిన్ను పీకేస్తారు, లేదా టూ పిన్ సాకెట్‌లో గుచ్చుతారు. దయచేసి ఆ పని చేయకండి. గిటార్ తీగలు బ్రిడ్జి గుండా యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. యాంప్‌లో లీకేజీ ఉండి ఎర్త్ లేకపోతే, తీగల మీద చేయి పెట్టి మైకుని పెదవులతో తాకినప్పుడు ఆ కరెంటు మనిషి గుండా పోతుంది. పందిళ్లలో పాడే పిల్లలకి ఇలా షాక్ తగలడం నేను కళ్లారా చూశాను. యాంప్, కీబోర్డు వేర్వేరు సాకెట్ల నుంచి తీసుకుంటే వచ్చే హమ్ అయితే, రెండింటినీ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే సాధారణంగా తగ్గుతుంది.

మీరు వాడిన ట్రాన్సిస్టర్ నంబరు, దాని మూడు కాళ్ల మీద గ్రౌండ్ నుంచి కొలిచిన వోల్టేజీలు, బ్యాటరీ వోల్టేజీ కింద రాయండి. చూసి చెబుతాను.