రెండూ ఒకే ఆల్బినో అన్నారు, పిల్లలన్నీ మామూలు రంగులో పుట్టాయి: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్, మారేడ్‌పల్లి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిన్నర కిందట బెంగళూరులోని ఒక బ్రీడర్ దగ్గర లెపర్డ్ గెకో బల్లుల జతను 36,000 రూపాయలకు కొన్నాను. రెండూ ట్రెంపర్ ఆల్బినోలని (ఒంట్లో నలుపు రంగు తయారు కాని ఒక రకం), జత కడితే పిల్లలన్నీ ఆల్బినోలే అవుతాయని వాట్సాప్‌లో రాసిచ్చారు. డబ్బు యూపీఐలో పంపాను. బిల్లు ఇవ్వలేదు. ఈ మధ్య ఎనిమిది గుడ్లు పెడితే ఆరు పిల్లలయ్యాయి. ఆరూ మామూలు రంగువే. అడిగితే నా ఇంక్యుబేటర్ టెంపరేచర్ తప్పంటున్నారు. పిల్లల్ని అమ్మి నాలుగు డబ్బులు చూద్దామనుకున్నాను. కేసు వేయవచ్చా? అసలు ఈ బల్లుల్ని ఇంట్లో పెంచడమే నేరమని స్నేహితులు భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: కేసు వేయవచ్చు, మీ దగ్గర సాక్ష్యం కూడా గట్టిగానే ఉంది. ఆ సాక్ష్యం పుట్టిన పిల్లలే. అయితే ఫిర్యాదు మీద సంతకం పెట్టే ముందు మీ వైపు కాగితాలు సరిచూసుకోవాలి. మీ స్నేహితుల భయాన్ని కొట్టిపారేయలేం, ఆ సంగతి కింద చెబుతాను.

ట్రెంపర్ ఆల్బినో అంతర్గత (రిసెసివ్) లక్షణం. పదో తరగతిలో చదివిన మెండెల్ బఠాణీల పాఠం గుర్తుంటే చాలు. ఆ జన్యువు తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ, రెండూ ఉంటేనే బల్లి ఆల్బినోగా కనిపిస్తుంది. ఒక్క కాపీయే ఉంటే పైకి మామూలుగానే ఉంటుంది. దాన్నే పెంపకందారులు హెట్ అంటారు. రెండు అసలైన ట్రెంపర్ ఆల్బినోలు జతకడితే ఇవ్వడానికి వాటి దగ్గర వేరే కాపీయే లేదు. పిల్లలన్నీ ఆల్బినోలు కావాల్సిందే. మీకు ఆరూ మామూలువే పుట్టాయి కాబట్టి అమ్మినవాళ్లు చెప్పిన మాట నిజం కాదు.

మరి రెండూ చూడటానికి ఆల్బినోలే కదా అని మీకు అనుమానం రావచ్చు. లెపర్డ్ గెకోల్లో ఆల్బినో రకాలు మూడున్నాయి: ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్. మూడూ వేర్వేరు జన్యువుల్లో వచ్చిన మార్పులు. ట్రెంపర్‌ను బెల్‌తో కలిపితే ఒకదానిలో దెబ్బతిన్న జన్యువు రెండోదానిలో బాగుంటుంది, అందుకే పిల్లలు మామూలు రంగుతో పుడతాయి. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అభిప్రాయం. రెండింటిలో ఏది ట్రెంపర్ కాదో మీరు తేల్చనక్కర్లేదు. రెండింటినీ ఆ పేరుతో అమ్మింది ఒక్కరే.

టెంపరేచర్ వాదన నిలబడదు. పొదిగే వేడి బల్లి ఆడదా మగదా అన్నది నిర్ణయిస్తుంది. 26 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడవి, 32-33 దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి. రంగు ముదురు, లేత కావడం కూడా కొంత దాని మీద ఆధారపడుతుంది. తక్కువ వేడిలో పొదిగిన ఆల్బినో ముదురు గోధుమ రంగులో ఉండవచ్చు, కానీ అసలు తయారు చేసుకోలేని నలుపు దానికి రాదు. మీ ఫొటోల్లో పిల్లల ఒంటిమీద పసుపు పట్టీల మధ్య చిక్కటి నల్ల పట్టీలు స్పష్టంగా ఉన్నాయి. ఆల్బినో పిల్లకైతే ఆ చోట గోధుమ, గులాబీ కలిసిన రంగుంటుంది. ఒక్కో పిల్లను పక్కన స్కేలు పెట్టి, ఒంటిని, కంటిని విడివిడిగా, తేదీ పడేలా ఫొటో తీయండి. పెద్దయ్యే కొద్దీ ఈ పట్టీలు విడిపోయి మచ్చలవుతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు. సరీసృపాలు చూసే పశువైద్యుడితో రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి.

అవతలి లాయరు తెలివైనవాడైతే ఇంకో వాదన తెస్తాడు. ఆడ గెకో మగదాని వీర్యాన్ని కొన్ని నెలలపాటు ఒంట్లో దాచుకోగలదు. మీ ఇంటికి రాకముందే ఇంకో మగదానితో కలిసిందని అంటాడు. కొన్నప్పుడు దాని వయసెంతో మీరు రాయలేదు. ఈడుకు రాని పిల్లగా వచ్చి ఉంటే ఈ వాదనకు చోటే లేదు. పార్శిల్ విప్పినప్పటి వీడియో, తూకం, వయసు గురించి బ్రీడరే రాసిన మెసేజ్, ఏది దొరికినా భద్రపరచండి. పెద్దదిగా కొని ఉన్నా, ఇంతకాలం తర్వాత ఆ వాదన చాలా బలహీనం.

హెట్ పేరుతో కొన్నవాళ్ల పరిస్థితి వేరు. రెండు హెట్లను జత కడితే ఒక్కో పిల్ల ఆల్బినో అయ్యే అవకాశం నాలుగింట ఒకటే. ఎనిమిది పిల్లలు పుట్టి ఒక్కటీ ఆల్బినో కాకపోవడం పదింట ఒకసారి కేవలం దురదృష్టం వల్లే జరుగుతుంది. అది పెట్టుకుని మోసం రుజువు చేయడం కష్టం. ఇక 66 శాతం హెట్ (హెట్ అయ్యే అవకాశం నూటికి 66) అని రాసి అమ్మితే, అమ్మింది అవకాశాన్నే, హామీని కాదు. మీకు ఇచ్చింది సూటి హామీ.

ప్రాణమున్న జంతువైనా అమ్మకం విషయంలో చట్టం దృష్టిలో వస్తువే. 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం, వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు వర్ణన అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అమ్మినవాళ్లు బెంగళూరులో ఉన్నా మీరు నివసించే హైదరాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. వాట్సాప్ చాట్‌కు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయండి.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఆల్బినో పిల్లలు పుట్టి ఉంటే ఇంత లాభం వచ్చేదని ఫిర్యాదులో అడగొద్దు. తిరిగి అమ్మడానికో, వ్యాపారానికో కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది గానీ, ఉద్యోగం ఉన్న మీకు అది వర్తించదు. లాభం అడిగిన మరుక్షణం మీరే వ్యాపారినని ఒప్పుకున్నట్టు. కట్టిన సొమ్ము, వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు, అంతవరకే అడగండి. పిల్లలు అమ్మబడును అని ఎక్కడైనా పోస్టు పెట్టి ఉంటే ముందే మీ లాయరుకు చెప్పండి. అబద్ధం మాత్రం ఆడొద్దు. సరదాగా పెంచుకోవడానికే కొన్నానన్నది నిజమైతేనే అఫిడవిట్‌లో రాయాలి. నిజం కాకపోతే సివిల్ కోర్టులో వేసుకోవచ్చు, అక్కడ వ్యాపారికీ హక్కుంది. పోలీసు కేసుకు మాత్రం తొందరపడొద్దు. అమ్మినప్పుడే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి, ఆ బ్రీడర్ కూడా ఇంకొకరి మాట నమ్మి మోసపోయి ఉండవచ్చు.

ఇక స్నేహితుల భయం. లెపర్డ్ గెకో పుట్టినిల్లు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌తో పాటు వాయవ్య భారతం కూడా. దాని దగ్గరి చుట్టాలు మన దేశపు కొండల్లోనూ ఉన్నాయి. 2022లో విశాఖపట్నం ప్రాంతం నుంచి యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిని శాస్త్రవేత్తలు వర్ణించారు. కాబట్టి విదేశీ బల్లి అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. మీ బల్లుల శాస్త్రీయ నామంతో, 2022 సవరణ తర్వాతి వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్లను (జాతుల జాబితాలను) లాయరు చేత చూపించి, సైఫాబాద్ అరణ్య భవన్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా స్పష్టత తీసుకోండి. షెడ్యూల్ 4లోని విదేశీ జాతులకైతే 2024 నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉంటుంది, పిల్లలు పుట్టిన సంగతీ తెలపాలి. షెడ్యూల్ 1 జంతువును అనుమతి లేకుండా ఉంచుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు. వన్యప్రాణి కేసుల్లో జంతువు సక్రమంగానే వచ్చిందని చూపాల్సిన బరువు ఉంచుకున్నవారి మీదే పడుతుంది. వినియోగదారుల ఫిర్యాదులో బల్లులు నా దగ్గరున్నాయని మీరే ప్రమాణం చేసి చెబుతారు కదా, అందుకే ఈ పని ముందు. అమ్మిన వ్యక్తిని ఇవి ఎక్కడివో, ఎవరి దగ్గర పుట్టాయో కాగితం అడగండి. ఇవ్వకపోతే ఆ తిరస్కరణ కూడా సాక్ష్యమే.

ఆ ఆరు పిల్లల్ని ట్రెంపర్ హెట్ అని ఎవరికీ ఇవ్వకండి. నేను అనుకున్నదే జరిగి ఉంటే వాటిలో రెండు ఆల్బినో రకాలూ దాగి ఉన్నాయి, రాబోయే తరాల్లో ఏది ఏదో ఎవరూ చూసి చెప్పలేరు. మీరు పడ్డ ఇబ్బందే ఇంకొకరు పడతారు. ఊరి బయట పొదల్లోనో పార్కులోనో వదలడం అసలే వద్దు, అవి బతకవు, బతికితే అది ఇంకో సమస్య.

కాలపరిమితి రెండేళ్లు. పిల్లలు పుట్టాకే మోసం తెలిసిందని వాదించే వీలున్నా, ఆ ధీమాతో ఉండకండి. కొన్న తేదీ నుంచే లెక్కిస్తే మీకు మిగిలింది ఆరు నెలలు. అరణ్య భవన్‌కు ఈ వారమే అర్జీ పెట్టండి, జవాబు రాగానే పదిహేను రోజుల గడువుతో లాయరు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.