నాన్న వాచీలో హెచ్‌ఆర్‌వీ 18.. గుండె ఇంకా బలహీనపడిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వచ్చింది. ఈమధ్య ఎకో తీస్తే ఈఎఫ్ 35 శాతం అన్నారు. అనంతపురం నుంచి మా ఇంటికి తీసుకొచ్చి, స్మార్ట్ వాచీ కొనిచ్చాను. అందులో హెచ్‌ఆర్‌వీ 18 దాటడం లేదు. నాకు 50 పైనే ఉంటోంది. పొద్దున్నే అది చూసుకుని ఆయన టెన్షన్ పడుతున్నారు. గుండె ఇంకా దెబ్బతిన్నట్టేనా?
- ఓ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆ ఒక్క అంకెను బట్టి అలా అనుకోనక్కర్లేదు. గుండె కండరం ఎంత బలంగా పిండుతోందో చెప్పేది ఎకో. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత బయటికి వెళ్తోందో అదే ఈఎఫ్. ఎంత ఆరోగ్యవంతుడికైనా అది నూరు శాతం ఉండదు, సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది.

హెచ్‌ఆర్‌వీ సంగతి వేరు. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా సెకనుకోసారి కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఈ తేడాలే హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ). పంపు బలహీనపడితే శరీరం కంగారుపడి, వేగం పెంచే నరాలను ఎప్పుడూ తోలుతూనే ఉంటుంది. నెమ్మదింపజేసే వేగస్ నరం వెనకబడుతుంది. అందుకే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో హెచ్‌ఆర్‌వీ తగ్గుతుంది. సంబంధం ఉన్న మాట నిజమే కానీ, ఒకటి చూసి రెండోదాన్ని లెక్కగట్టలేం.

పైగా డాక్టర్లు లెక్కలోకి తీసుకునేది సాధారణంగా 24 గంటల హోల్టర్ రికార్డు, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ యంత్రం తీసేది. వాచీ మణికట్టు దగ్గర వెలుతురుతో నాడిని చూసి, కొద్దిసేపటి లెక్క చెబుతుంది. వయసుతోనూ ఇది తగ్గుతుంది కాబట్టి మీ 50తో ఆయన 18ని పోల్చకండి. నిజం చెప్పాలంటే ఆ 18 ఉన్నట్టుండి 90 అయితేనే నాకు అనుమానం. గుండె లయ తప్పినప్పుడు అంకె అలా పెరుగుతుంది. అప్పుడు ఈసీజీ తీయించాలి.

ఆయనకు వాచీ కంటే బరువు తూచే మెషీన్ ముఖ్యం. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు తూకం చూసి క్యాలెండర్ మీద రాయమనండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కితే గుంట పడుతోందా చూడండి. ఊరి నుంచి ఆవకాయ జాడీ కూడా వచ్చే ఉంటుంది. ఆ ఉప్పు ఆయనకు పడదు.

కార్వెడిలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే, నాడి తగ్గిందని సొంతంగా ఆపొద్దు. అవి వేగం పెంచే ఆ నరాల దూకుడుకే కళ్లెం వేస్తాయి. మందులన్నీ సరైన మోతాదులో కనీసం మూడు నెలలు వాడినా ఈఎఫ్ 35 దాటకపోతే, ఛాతీలో అమర్చే డిఫిబ్రిలేటర్ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) అవసరమా అని మీ కార్డియాలజిస్టును అడగండి. ఆ నిర్ణయం ఈఎఫ్‌ను బట్టి ఉంటుంది, వాచీని బట్టి కాదు.

పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో సొంత కారు తీయకుండా 108కి ఫోన్ చేయండి.