కవరు మీది రెండు సంఖ్యలు

నెల్లూరు.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పెద్ద సంఖ్య ఇచ్చి దాని కారణాంకాలు కనుక్కోమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని నీవు రాసిన ఉత్తరం అందింది. ఈ కవరు మీదనే నీకు ఆరంకెల సంఖ్యలు రెండు కనిపిస్తాయి: మా నెల్లూరు పిన్ కోడ్ 524001, మీ ఒంగోలు పిన్ కోడ్ 523001. 1972 లో పిన్ కోడ్ పద్ధతి తెచ్చినప్పుడు తపాలా శాఖ వారు వీటి కారణాంకాల సంగతి ఆలోచించి ఉండరు గానీ, మనకు మాత్రం చక్కగా పనికివస్తాయి.

భాగహారానికి ముందు అంకెలను చదవాలి. చివరి అంకె 1 కనుక 2, 5 తొలగిపోతాయి. 524001 అంకెల మొత్తం 12 కనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు, 174667 మిగులుతుంది. 7, 11, 13 ల లబ్ధం 1001 కనుక వాటికోసం మూడు భాగహారాలు అక్కరలేదు. కుడివైపు మూడంకెల సంఖ్యలోంచి ఎడమవైపుది తీసివేస్తే వచ్చే 493 ను ఆ మూడింటిలో ఏదీ భాగించదు కనుక 174667 నూ భాగించదు. 17 కుదరదు. 19 నిశ్శేషంగా భాగించి 9193 ను మిగులుస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉంది. సంయుక్త సంఖ్యకు దాని వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం ఒకటైనా ఉండి తీరుతుంది; కాబట్టి కారణాంకం దొరికిన ప్రతిసారీ ఆగి, మిగిలిన సంఖ్యకు వర్గమూలాన్ని మళ్ళీ అంచనా వేసుకోవాలి. మొదట 723 వరకు ఉన్న హద్దు 9193 దగ్గరకు వచ్చేసరికి 95 కు దిగింది. చిన్నతనంలో నేను మొదటి హద్దునే పట్టుకుని పూటంతా అనవసరపు భాగహారాలు చేసేవాడిని. దొరికిన కారణాంకంతోనే మరోసారి భాగించి చూడడం కూడా మరువకు. 9193 ను 19 తో భాగించినా, 23 తో భాగించినా శేషం 16 వస్తుంది. 29 నిశ్శేషంగా భాగించి 317 ను ఇస్తుంది. దాని హద్దు 17 మాత్రమే, అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ముందే పరీక్షించాము కనుక 317 ప్రధాన సంఖ్య అని మరొక్క భాగహారం లేకుండానే తేలిపోతుంది.

524001 = 3 × 19 × 29 × 317 అని తెలిశాక తక్కినవి సులువు. నాలుగు ప్రధాన సంఖ్యలూ ఒక్కొక్కసారే వచ్చాయి కనుక భాజకాలు 16. ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి గుణిస్తే ఆ భాజకాల మొత్తం వస్తుంది: 4 × 20 × 30 × 318, అనగా 7,63,200. అందులోంచి ఆ సంఖ్యనే తీసివేస్తే మిగిలేది 2,39,199. అది 524001 లో సగం కూడా కాదు.

మీ ఒంగోలు సంఖ్య మాత్రం మొండిది. 31 కి ముందున్న ప్రధాన సంఖ్య ఏదీ భాగించదు. 31 తో భాగిస్తే 16871 వస్తుంది. దాని హద్దు 129 కనుక 31 నుంచి 127 వరకు 21 ప్రధాన సంఖ్యలను ఓపికగా చూడవలసిందే, చేతిలెక్కలో నాకు దగ్గరిదారి తెలియదు. 37 దగ్గర జాగ్రత్త: 37 × 456 = 16872, ఒక్కటే తేడా, తొందరపడితే భాగించిందనుకుంటావు. నా లెక్కలో ఏదీ భాగించలేదు. నీ 21 శేషాలనూ వరుసగా రాసి పంపితే నా పట్టికతో సరిచూస్తాను.

తాతయ్య