నా ఎనుక ఉండు పిల్లగా!

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాజీపేట. శనివారం రాత్రిళ్లు హన్మకొండల మా బావ వాళ్లింట్ల ఐదుగురం కూసొని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర ఏసుకొని, డైస్ తోటి కథ నడిపే ఆట) ఆడుతం. బావ మంత్రాలేసే విజర్డ్, నేను ఆయనకు కాపలా ఉండే ఫైటర్‌ని. ఇద్దరం జతగ ఆడుదామని ఆయనే అన్నడు. ఐదో లెవెల్‌కు వచ్చినం. నేను చేసేదల్ల ఆయన ముంగట నిలబడి దెబ్బలు తినుడే. ఆయనేమో చెప్పకుండ ఉరుకుతడు. పోయిన వారం ఫైర్‌బాల్ మంత్రం ఏసి శత్రువులతోటి నన్ను కూడ కాల్చిండు. పైంగ "బామ్మర్దీ, ఆ తలుపు తియ్యి, బామ్మర్దీ, ఆ పెట్టె మొయ్యి" అని ఇంట్ల చెప్పినట్టే చెప్తడు. అక్క మొగడాయె, ఏమనలేను. క్యారెక్టర్ మార్చుకుందామనుకుంటున్న. ఏం చెయ్యాలె?
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: తమ్ముడూ, మార్చుకోకు. ఇంకో రెండు శనివారాలు ఆగు.

ముందు ఆ ఫైర్‌బాల్ పంచాయితీ తెంపుదాం, అది చిన్నది. మీ బావ విజర్డ్ ఎవొకేషన్ (నిప్పు, పిడుగు లాంటి మంత్రాల) వైపు పోయినవాడైతే, 2014లో వచ్చిన రూల్స్ పుస్తకం ప్రకారం రెండో లెవెల్ నుంచే ఆయన దగ్గర స్కల్ప్ట్ స్పెల్స్ అనే విద్య ఉంటుంది. మూడో లెవెల్ మంత్రమైన (మంత్రం లెవెల్ వేరు, మనిషి లెవెల్ వేరు) ఫైర్‌బాల్ వేసేటప్పుడు నలుగురిని ఎంచుకుంటే, మంట నడుమ ఉన్నా వాళ్లకు వెంట్రుక కాలదు. వేరే వైపు పోయినవాడైతే నువ్వే ఆ 20 అడుగుల వ్యాసార్ధపు మంట బయట ఉండాలి. ఎవొకేషన్ అయ్యుండీ కాల్చాడా? మీ అక్కకు చెప్పు, ఆమె చూసుకుంటుంది.

ఇక అసలు సంగతి. నేనూ కాపలా మనిషిగా ఆడినదాన్నే, నీకు ఉల్టా తప్పు చేసినదాన్ని. బాలసముద్రంలో మా ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద, ఏడు గిన్నెల పోపుల డబ్బాలో ఏడు రకాల డైస్ పోసుకుని మొదలుపెట్టిన ఆట అది. విజర్డ్ నా స్నేహితురాలు. ఎనిమిది వారాల పాటు నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే: "నా ఎనుక ఉండు." తలుపు దగ్గరా అదే, సంతలో కూరగాయల బేరం దగ్గరా అదే. తొమ్మిదో వారం ఆమె డైస్ కింద పెట్టేసి, "నేనేమన్న బియ్యం బస్తానా, పొద్దుమాపు కావలి కాస్తున్నవ్?" అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు, నాకు మాత్రం మొహం మాడింది.

ఆ రాత్రే ఒక చిన్న ముచ్చట జరిగింది. అడవిలో బస. కథ నడిపే మా డీఎం ఏ రాక్షసినీ పంపలేదు. విజర్డ్ తన పుస్తకంలోకి రెండో లెవెల్ మంత్రం ఎత్తిరాసుకుంటోంది. రూల్ ప్రకారం అది 4 గంటల పని, 100 బంగారు నాణేల ఖర్చు. "లాంతరు పట్టుకుంటవా?" అని అడిగింది. నా క్యారెక్టర్‌కు చదువు రాదని మొదటిరోజే రాసుకున్నాను, కానీ దాన్ని ఏనాడూ వాడలేదు. "పట్టుకుంట గని, గిదేం గుర్తు?" అన్నాను. "నిప్పు. నీకెందుకది?" "చీకట్ల నువ్వు పడిపోతే, పుస్తకంల ఏ పేజీ ముందుగాల తియ్యాలెనో నాకు తెలవాలె గదా." ఆమె ఏమీ అనలేదు. కాగితం మీద ఆ గుర్తు గీసి నా వైపు తోసింది. తర్వాత చాలా వారాలకు పుస్తకం వాగులో పడితే, కొట్టుకుపోతున్న పేజీల్లో నా ఫైటర్ పట్టుకున్నది ఆ నిప్పు గుర్తున్న పేజీనే. దానికి డీఎం డైస్ కూడా వేయించలేదు.

డాలు పట్టుకున్నంతసేపే మీ జతలో మాటలుంటే, యుద్ధం కాగానే ఎవరి దారి వాళ్లదవుతుంది. నీకు విసుగు పుట్టింది అందుకే. దెబ్బలు తినడం వల్ల కాదు.

రూల్స్ కూడా ఒకసారి సరిచూసుకో. ప్రొటెక్షన్ అనే పోరాట పద్ధతి తీసుకున్నావా? డాలు చేతిలో ఉండి, బావ నీ పక్క గడిలో, అంటే 5 అడుగుల లోపు ఉంటేనే నీ రియాక్షన్‌తో (నీ వంతు కాకున్నా అప్పటికప్పుడు చేసే పనితో) ఆయన మీది దాడికి డిసడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) పడుతుంది. 2014 పుస్తకంలో అది ఆ ఒక్క దాడికే. 2024 పుస్తకంలోనైతే నువ్వు ఆయన పక్కనే ఉన్నంతసేపు, మళ్లీ నీ వంతు వచ్చేదాకా పనిచేస్తుంది. ఏ పుస్తకమైనా రౌండుకు రియాక్షన్ ఒక్కటే. సెంటినెల్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) కూడా తీసుకుంటే, అడ్డుపడాలా, ఆయన్ని కొట్టినవాణ్ని తిరిగి కొట్టాలా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. నాకైతే ఫైటర్ ఆటలో రుచంతా ఆ అర నిమిషంలోనే ఉంది. బావకు మాత్రం ఒక్క మాట చెప్పు: "గడి దాటితే నా డాలు అందది."

మీరు ఐదో లెవెల్‌లో ఉన్నారు కాబట్టి, హేస్ట్ మంత్రం నీ మీద వెయ్యమని అడుగు. నీ నడక రెట్టింపవుతుంది, ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 2 పెరుగుతుంది, వంతుకు ఇంకో యాక్షన్ దొరుకుతుంది. కానీ అది కాన్సంట్రేషన్ మంత్రం, అంటే వేసినవాడి ధ్యాస చెదరనంతసేపే నిలుస్తుంది. బావకు దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి సత్తువకు డైస్ పరీక్ష, వెయ్యాలి. 10 గానీ, తగిలిన డ్యామేజ్‌లో సగం గానీ, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. తప్పిందా, హేస్ట్ పోయి ఒక వంతు పాటు నువ్వు కదలలేవు, ఏమీ చెయ్యలేవు. ఆయన ఒంటి మీద దెబ్బ పడితే ఆగిపోయేవి నీ కాళ్లు. ఇది ఒక్కసారి జరిగితే చాలు, చెప్పకుండా ఉరకడం ఆయనే తగ్గిస్తాడు.

ఇంతకూ మీ ఫైటర్ ఎందుకు కాపలా కాస్తున్నాడు? ఉత్తరంలో ఆ ముచ్చటే లేదు. జీతమా, బాకీనా, ఒట్టా? మనూరి చరిత్రలోనే ఉంది చూడు: కాకతీయుల కాలంలో లెంకలని ఉండేవాళ్లు, ఏలికతోనే బతుకు, ఏలికతోనే చావు అని ఒట్టు పెట్టుకున్న బంట్లు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని భూమి దానమిచ్చి దాన్ని వేయించింది ఏ రాజూ కాదు, ఆ సేనాని దగ్గరి బంటు పువ్వుల ముమ్మడి. వరంగల్ కోటకు పోయినప్పుడల్లా ఆ తోరణాల కంటే ముందు నాకు ఆయనే గుర్తొస్తాడు. అలాంటి ఒట్టు పెట్టుకున్నవాడు, ఏలిక తప్పు దారి పడితే ఏం చేస్తాడు? ఆ ప్రశ్న మీ డీఎం చెవిన వెయ్యి.

బామ్మర్దీ అని పిలవడం సంగతికొస్తే, కోపంగా చెప్పకు, ఆటలోనే విరుగుడుంది. మీ ఫైటర్ వయసు 55 చెయ్యి. విజర్డ్‌ను చిన్నప్పుడు భుజాల మీద ఎత్తుకుని తిప్పినవాడు, వాళ్ల నాయన చనిపోతూ "పిలగాన్ని చూసుకో" అని అప్పగించినవాడు అనుకో. అప్పుడు నువ్వు ఆయన్ని ఏమని పిలుస్తావు? "దొరా" అనకు, మన దిక్కు ఆ మాటకు వేరే బరువుంది. "పిల్లగా" అని పిలువు. "పిల్లగా, తిన్నవా? పిల్లగా, ఆ తలుపు నువ్వే తియ్యి, నేను కత్తి పట్టుకున్న." శనివారం మూడు గంటలు అక్క మొగణ్ని పిల్లగా అని పిలిచే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది తమ్ముడూ? అయితే ఈ సంగతి బావకు ముందే చాయ్ తాగుతూ చెప్పు, ఆయన కూడా ఒప్పుకోవాలి. చెప్పకుండా మొదలుపెడితే పండక్కి మీ ఇంట్లో వేరే ఆట నడుస్తుంది.

ప్రశ్న: మా జతలో విజర్డ్ ఆడే అమ్మాయి నెలకు ఒక్కసారైనా రాదు. ఆ రోజు కాపలావాడు ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: విజర్డ్‌కు జ్వరం పట్టుకుని సత్రంలో ఉందనండి. మంత్రాల పుస్తకం కాపలావాడి సంచిలో ఉంచండి. చదవడం రాని మనిషి చేతిలో దాన్ని దొంగిలించడానికి ఎవరో ఒకరు రాకపోరు. ఆ అమ్మాయి వచ్చే వారం అడుగుపెట్టగానే పుస్తకం తిరిగి ఇవ్వండి, కొన్ని పేజీలకు రక్తం మరకలతో. ఎవరి రక్తమో అడిగేదాకా చెప్పకండి.